సర్జరీ కోసం ఎన్‌పీ చదివాను: కాలేజీకి మూడు స్టార్లు, కుట్లు నేర్పిన కోర్సుకి నాలుగున్నర

ముందు మార్కులు చెప్పేస్తాను. రెండున్నరేళ్లు చదివిన నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ, అంటే పై చదువు చదివి తానే పేషెంట్లని చూసి వైద్యం చేసే నర్సు) ప్రోగ్రామ్‌కి ఐదుకి మూడు. అది అయ్యాక విడిగా డబ్బు కట్టి చేసిన ఫస్ట్ అసిస్ట్ కోర్సుకి, అంటే ఆపరేషన్‌లో సర్జన్‌కి ఎదురుగా నిలబడి సాయం చేయడం నేర్పే కోర్సుకి, నాలుగున్నర. కాలేజీ పేరు రాయను. అక్కడ పాఠాలు చెప్పినవాళ్ల మీద నాకు కోపం లేదు, వేరే కాలేజీల్లో చదివిన తోటి నర్సులు చెప్పే కష్టాలూ ఇంచుమించు ఇవే. అమెరికాలో ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తూ, ఎన్‌పీ చేద్దామా అని ఊగిసలాడుతున్న తెలుగు నర్సులకి పనికొస్తుందని రాస్తున్నాను.

గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఓటీలో ఐదేళ్లు సర్జన్లకి పరికరాలు అందించే స్క్రబ్ నర్సుగా నిలబడ్డాను. పెళ్లయ్యాక హెచ్4 డిపెండెంట్ వీసా మీద హ్యూస్టన్ వచ్చి కొన్నాళ్లు ఇంట్లోనే కూర్చున్నాను. 2015లో హెచ్4 వాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి ఇచ్చారు కదా, ఆ కార్డు చేతికొచ్చిన వారమే ఇక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పుస్తకాలు అటక మీంచి దించాను. 2016 నుంచి ఇక్కడి ఓఆర్‌లో ఉన్నాను. అక్కడ ఓటీ అంటాం, ఇక్కడ ఓఆర్ అంటారు, చలి మాత్రం రెండు చోట్లా ఒకటే. నాది ఎడమచేతి వాటం. దాని సంగతి తర్వాత.

ఒకరోజు హెర్నియా కేసులో అసిస్ట్ చేయాల్సిన పీఏకి (ఫిజీషియన్ అసిస్టెంట్‌కి) ట్రాఫిక్‌లో ఆలస్యమైంది. సర్జన్ నన్ను కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకోమన్నారు. పది నిమిషాలు పట్టుకున్నాను. ఎన్నేళ్లుగానో పక్క నుంచి చూసిన పొర ఎదురుగా నిలబడితే వేరేగా కనిపించింది. తర్వాత పీఏ వచ్చాడు, నేను నా చోటికి వెళ్లి గాజ్‌లు లెక్క పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే కాలేజీలు వెతకడం మొదలుపెట్టాను.

అక్కడే మొదటి తప్పు చేయబోయాను. మా తెలుగు నర్సుల వాట్సాప్ గ్రూపులో ఎన్‌పీ అంటే ఎఫ్‌ఎన్‌పీయే. అందరూ ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చేశారు, చేస్తున్నారు. "చాలా ఫ్లెక్సిబుల్ అక్కా, పిల్లల్నించి ముసలివాళ్ల దాకా ఎవర్నయినా చూడొచ్చు" అన్నారు. నిజమే. నేనూ అప్లై చేసి, సీటు వస్తే 500 డాలర్లు డిపాజిట్ కూడా కట్టేశాను. ఆపింది ఆ ట్రాఫిక్ పీఏనే. లంచ్ రూమ్‌లో మైక్రోవేవ్ దగ్గర నా పులిహోర వేడెక్కేలోపు అతను అడిగింది ఒక్కటే: ఎఫ్‌ఎన్‌పీతో, ఆపరేషన్ అయి వార్డులో పడుకున్న పేషెంటుని రాత్రి రెండింటికి బీపీ పడిపోతే నువ్వు చూడొచ్చా?

చూడకూడదనే సమాధానం. కనీసం టెక్సాస్‌లో అది చిక్కు. ఇక్కడి లెక్క ఏమిటంటే, అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు అంటే నాలుగు రకాలు: నర్స్ ప్రాక్టీషనర్, మత్తు ఇచ్చే సీఆర్‌ఎన్‌ఏ, క్లినికల్ నర్స్ స్పెషలిస్టు, మంత్రసాని పని చూసే నర్స్ మిడ్‌వైఫ్. 2008లో ఇక్కడి నర్సింగ్ సంస్థలు కలిసి రాసుకున్న కన్సెన్సస్ మోడల్ ప్రకారం ఎన్‌పీలో మళ్లీ ఏ వయసు పేషెంట్లని చూస్తారన్నదాన్ని బట్టి విభాగాలున్నాయి. పెద్దవాళ్ల విభాగంలోనూ, పిల్లల విభాగంలోనూ ప్రైమరీ కేర్ వేరు, అక్యూట్ కేర్ వేరు. ఎఫ్‌ఎన్‌పీ ప్రైమరీ కేర్ చదువు. మనం ఏ గదిలో నిలబడ్డాం అన్నదానికంటే ఎదురుగా ఉన్న పేషెంటు పరిస్థితి ఎంత అస్థిరంగా ఉంది అన్నది చూస్తారు. ఎఫ్‌ఎన్‌పీ చేసిన మా స్నేహితురాలు ఒక ఆర్థోపెడిక్ క్లినిక్‌లో హాయిగా ఉంది. మోకాళ్లు చూస్తుంది, ఇంజెక్షన్లు ఇస్తుంది, ఆపరేషన్ అయి ఇంటికెళ్లినవాళ్ల కుట్లు విప్పుతుంది. ఆసుపత్రి లోపల రౌండ్లు మాత్రం ఆవిడవి కావు. మీకు క్లినిక్ చాలనుకుంటే ఎఫ్‌ఎన్‌పీ తప్పేమీ కాదు. నాకు చాలదు.

కాబట్టి డిపాజిట్ పోగొట్టుకుని అడల్ట్ జెరంటాలజీ అక్యూట్ కేర్ వైపు, అంటే ఏజీఏసీఎన్‌పీ వైపు తిరిగాను. ఇందులో పేషెంట్లు 13 ఏళ్ల పిల్లల దగ్గర్నుంచి మొదలు. పసిపిల్లల సర్జరీలో పనిచేయాలనుకునేవాళ్లు పీడియాట్రిక్ అక్యూట్ కేర్ చూసుకోవాలి, ఇది పనికిరాదు.

మధ్యలో సీఆర్‌ఎన్‌ఏ ప్రస్తావన రాకుండా ఏ తెలుగు ఇంట్లోనూ ఈ చర్చ ముగియదు. "అదే థియేటర్, జీతం ఎక్కువ, అది చెయ్యరాదూ?" అని మా ఆయన. అది మత్తు చదువు, కోత చదువు కాదు. కనీసం ఏడాది క్రిటికల్ కేర్ అనుభవం ఉండాలి, నా ఓఆర్ ఏళ్లని చాలా చోట్ల అందులో లెక్కపెట్టరు. 2022 నుంచి చేరేవాళ్లంతా డాక్టరేట్ స్థాయిలోనే చేరాలి, మూడేళ్లు పడుతుంది, ఉద్యోగం చేసుకుంటూ చదవడం దాదాపు కుదరని పని. మా ఓఆర్‌లో ఒకమ్మాయి దానికోసం ఉన్న ఉద్యోగం మానేసి ముందు ఐసీయూలో చేరింది. ఆ పిల్లకి దణ్ణం. నాకు కర్టెన్‌కి అటువైపు, తల దగ్గర, కూర్చోవాలని లేదు.

ఇక అసలు రివ్యూ.

2022 ఆగస్టులో చేరాను. ఆన్‌లైన్ పాఠాలు, క్యాంపస్‌కి రెండుసార్లు మూడేసి రోజులు, చివరి మూడు సెమిస్టర్లలో క్లినికల్స్, అంటే పేషెంట్ల దగ్గర శిక్షణ. ఇందులో బాగున్నది ముందు చెప్పాలి. అక్రెడిటేషన్ ఉంది. సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ లాంటి సంస్థ గుర్తింపు లేని చోట చదివితే సర్టిఫికేషన్ పరీక్షకే కూర్చోనివ్వరు, కాబట్టి అదొక్కటి ఎవరి మాటా నమ్మకుండా మీరే చూసుకోండి. పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్, ఈ మూడింటినీ ఇక్కడ "త్రీ పీస్" (మూడు P అక్షరాలు) అంటారు. ఫార్మకాలజీ మేడమ్ అద్భుతం. వాంకోమైసిన్ డోసు గురించి ఆవిడ చెప్పిన పాఠాన్ని ఇప్పటికీ బుర్రలో అలాగే వింటాను. క్యాంపస్‌లో బొమ్మల మీద సెంట్రల్ లైన్లు, చెస్ట్ ట్యూబులు పెట్టించారు, మూడు రోజులూ వదల్లేదు. ఈ భాగానికి ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని.

పరీక్షలు కెమెరా ముందు. నాకు చిన్నప్పట్నించీ ప్రశ్న చదివేటప్పుడు పెదాలు కదుపుతూ తెలుగులో గొణుక్కునే అలవాటు. "ఈయనకి పొటాషియం ఎక్కువుంది, ఇది ఇవ్వకూడదు, అది ఇవ్వకూడదు" అని. మొదటి మిడ్‌టర్మ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ నన్ను అనుమానితురాలిగా పట్టేసింది, గదిలో ఇంకెవరో ఉన్నారని. నేను మాట్లాడింది నాతోనే అని వివరిస్తూ మెయిల్ రాయాల్సి వచ్చింది. తర్వాత రెండేళ్లూ పెదాలు బిగించి రాశాను. మార్కులు కొంచెం తగ్గాయనే నా అనుమానం.

ఇక ఒక స్టారు పోయింది ప్రిసెప్టర్ల దగ్గర, అంటే క్లినికల్స్‌లో మనల్ని పక్కన పెట్టుకుని నేర్పేవాళ్ల దగ్గర. నర్స్ ప్రాక్టీషనర్ విద్యకి దేశమంతా వాడే ప్రమాణాల్లో 2022లో క్లినికల్ గంటల్ని కనీసం 500 నుంచి 750కి పెంచారు. మా కాలేజీ అదే పాటించింది, మూడు సెమిస్టర్లకి 250 చొప్పున. పదిహేను వారాల సెమిస్టర్‌లో వారానికి దాదాపు 17 గంటలు. దానిమీద నా మూడు పన్నెండు గంటల డ్యూటీలు. అదంతా తెలిసే చేరాను, ఫిర్యాదు లేదు. కానీ చేరేముందు ఫోన్‌లో అడ్మిషన్ల ఆవిడ "ప్లేస్‌మెంట్‌లో మేం సాయం చేస్తాం" అంది. ఆ సాయం ఒక ఎక్సెల్ షీట్. అరవైమంది పేర్లు, ఫోన్ నంబర్లు. కూర్చుని ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేశాను. కొన్ని నంబర్లు పనిచేయవు. ఒకాయన రిటైరై మూడేళ్లయింది, చాలా మర్యాదగా మాట్లాడాడు, తన మనవరాలు కూడా నర్సింగే చదువుతోందని చెప్పాడు. ఒకావిడ కొలరాడో వెళ్లిపోయింది. ఇద్దరు "ఈ ఏడాది స్టూడెంట్లు నిండిపోయారు" అన్నారు. షీట్ మొత్తంలో నాకు దొరికినవాళ్లు సున్నా.

డబ్బు తీసుకుని ప్రిసెప్టర్లని కుదిర్చిపెట్టే కంపెనీలున్నాయి. ఒకదాన్ని అడిగితే వాళ్లు చెప్పిన అంకె చూసి ఫోన్ పెట్టేశాను, అది ఫీజు మీద ఫీజు. చివరికి మొదటి సెమిస్టర్‌కి హాస్పిటలిస్టు (ఆసుపత్రిలో చేరినవాళ్లని చూసే డాక్టరు) దగ్గర, రెండోదానికి ఐసీయూలో, రెండూ నా పాత పరిచయాల మీదే కుదిరాయి. మూడోది సర్జరీ కావాలని పట్టుబట్టాను. కోలోరెక్టల్, అంటే పెద్దపేగు సర్జన్ల గ్రూపులో ఉన్న ఒక ఎన్‌పీ, స్క్రబ్ టెక్‌గా పనిచేసే మా ఓఆర్ కుర్రాడి మేనత్త. నాకు మంచి ప్రిసెప్టర్‌ని ఇచ్చింది కాలేజీ కాదు, ఆ కుర్రాడి మేనత్త వరస.

అందుకే చెప్తున్నా, ఏ కాలేజీతోనైనా మాట్లాడేటప్పుడు "సాయం చేస్తారా" అని అడగకండి, అందరూ చేస్తామంటారు. పోయిన సెమిస్టర్‌లో మీ పిల్లల్లో ఎంతమందికి మీరు కుదిర్చారు, ఎంతమంది సొంతంగా వెతుక్కున్నారు అని అడగండి. ప్రిసెప్టర్ దొరక్క సెమిస్టర్ ఆగిపోయినవాళ్లు ఉన్నారా అని అడగండి. మీరుండే రాష్ట్రంలో క్లినికల్స్ చేయడానికి ఆ కాలేజీకి అనుమతి ఉందా అని కూడా. ఆన్‌లైన్ అయినంత మాత్రాన అన్ని రాష్ట్రాలూ ఒకటి కావు.

రెండో స్టారు పోయింది నాకూ కాలేజీకీ ఉన్న అపార్థం వల్ల. తప్పు సగం నాది. మూడో సెమిస్టర్ మొదలయ్యేముందు ఫ్యాకల్టీ మేడమ్‌కి ఒక ప్లాన్ పంపాను: వారానికి రెండు రోజులు థియేటర్‌లో, ఒక పూట క్లినిక్‌లో. సాయంత్రానికల్లా తిరుగు మెయిల్. 250 గంటల్లో థియేటర్ గంటలు 40కి మించి లెక్కలోకి రావు అని. మిగతాదంతా ఆపరేషన్ ముందు పేషెంటుని చూడటం, తర్వాత చూడటం. నాకు ఒళ్లు మండిపోయింది. సర్జరీ కోసమే కదమ్మా చేరింది అని. ఫోన్ చేసి వాదించాను. ఆవిడ ఓపిగ్గా విని, "రిట్రాక్టర్ పట్టుకోవడం నీకిప్పటికే వచ్చు. పట్టుకోనప్పుడు ఏం చేయాలో నేర్చుకో" అంది.

నిజానికి ఈ చదువు మొత్తం అదే. ఎన్‌పీ ప్రోగ్రామ్ నేర్పేది కోతకి ముందు, కోతకి తర్వాత. మధ్యలో బల్ల దగ్గర జరిగేది దాని సిలబస్ కాదు. పీఏ చదువులో సర్జరీ రొటేషన్ తప్పనిసరి, మనకి కాదు. ఈ ముక్క ఏ బ్రోషర్‌లోనూ స్పష్టంగా లేదు. ఎన్‌పీ అయితే బల్లకి దగ్గరవుతాననుకున్నాను, కాలేజీ నన్ను బల్ల దగ్గర్నుంచి లేపి వార్డుకి పంపింది.

వార్డులో మూడో వారం. 63 ఏళ్ల ఆవిడ, పెద్దపేగులో సిగ్మాయిడ్ భాగం తీసేసి కలిపిన నాలుగో రోజు. రాత్రి నర్సు నోట్: పల్స్ 118, నొప్పి వల్ల అయ్యుండొచ్చు. జ్వరం లేదు. పొట్ట కొంచెం ఉబ్బింది గానీ గట్టిగా లేదు. ఆవిడ నవ్వుతూనే ఉంది, జెల్లో తింటోంది. ప్రిసెప్టర్ నా వంక చూసి, "నువ్వు చెప్పు" అంది.

ఇలాంటి ఆపరేషన్లకి పేగు కొసల్ని కలిపి అతికే సర్క్యులర్ స్టేప్లర్ ఎన్నిసార్లు అందించానో లెక్కలేదు. స్టేప్లర్ నొక్కి బయటికి తీశాక దాంట్లో రెండు గుండ్రటి పేగు ముక్కలు వస్తాయి, డోనట్లు అంటారు. అవి చుట్టూ తెగకుండా పూర్తిగా ఉన్నాయా అని సర్జన్ వేలిమీద తిప్పి చూస్తారు. ఉన్నాయంటే అతుకు బాగా పడినట్టు. చూశాక నేను వాటిని డబ్బాలో వేసి, లేబుల్ అంటించి, తర్వాతి కేసుకి ట్రే సర్దుకునేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ అతుకు నాలుగో రోజున ఎలా ఉంటుందో ఆలోచించలేదు. డోనట్లు పూర్తిగా ఉన్నా అతుకు ఊడొచ్చు.

లాక్టేట్ కోసం రక్తపరీక్షకి పంపాలి, సీటీ తీయించాలి, సర్జన్‌కి ఇప్పుడే చెప్పాలి అన్నాను. నా గొంతు వణికింది. సీటీలో అతుకు పక్కన గాలి, నీరు. మధ్యాహ్నానికి ఆవిడ మళ్లీ థియేటర్‌లో ఉంది. ఆ కేసుకి నేను లోపలికి వెళ్లలేదు. వార్డులో ఇంకో పదకొండు మంది ఉన్నారు, వాళ్ల పల్స్‌లు చూసుకుంటూ తిరిగాను. అయినా ఆ రెండో స్టారు కాలేజీకి తిరిగి ఇవ్వను. చేరేముందే చెప్పుంటే నా ఏడాది ప్లాన్ వేరేగా ఉండేది.

2024 డిసెంబరులో అయిపోయింది. తర్వాత ఏఎన్‌సీసీ వాళ్ల సర్టిఫికేషన్ పరీక్ష: 175 ప్రశ్నలు, మూడున్నర గంటలు. వాటిలో 25 మార్కులకి లెక్కలోకి రానివి, కానీ ఏవో మనకి తెలియదు. క్రిటికల్ కేర్ నర్సుల సంఘం వాళ్లు పెట్టే ఇంకో పరీక్ష కూడా ఉంది, రెండిట్లో ఏదైనా చెల్లుతుంది. పాసయ్యాను. ఇంట్లో పాయసం, వాట్సాప్‌లో నూట ఇరవై దణ్ణాల బొమ్మలు.

తర్వాత కోలోరెక్టల్ గ్రూపులోనే ఉద్యోగం వచ్చింది. మొదటి వారమే ఆసుపత్రి వాళ్ల కాగితాల్లో "ఫస్ట్ అసిస్ట్ ప్రివిలేజ్" (అనుమతి) అన్న గడి దగ్గర ఆగిపోయాం. ఎన్‌పీ లైసెన్సు ఉంది, పదమూడేళ్లకి పైగా థియేటర్ అనుభవం ఉంది. చాలదన్నారు. టెక్సాస్ నర్సింగ్ బోర్డు నిబంధన ప్రకారం నర్సు ఎవరైనా ఫస్ట్ అసిస్ట్ చేయాలంటే దానికి విడిగా కోర్సు చేసి ఉండాలి. దాంతోపాటు పెరిఆపరేటివ్ (ఆపరేషన్ నర్సింగ్) సర్టిఫికేషనో, అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ లైసెన్సో ఉండాలి. నాకు 2019లో తీసుకున్న సీఎన్‌ఓఆర్ అనే ఆ సర్టిఫికేషన్ ఉంది, ఎన్‌పీ ఉంది. కోర్సే లేదు. ఎంత తిక్కదాన్నో చూడండి. రెండేళ్ల థియేటర్ పని, 2,400 గంటలు చూపించి ఆ సీఎన్‌ఓఆర్ తెచ్చుకున్నప్పుడే ఈ కోర్సు చేసేయగలిగుండేదాన్ని.

ఈ ఫస్ట్ అసిస్ట్ కోర్సు చేసిన రిజిస్టర్డ్ నర్సుని ఆర్‌ఎన్‌ఎఫ్‌ఏ అంటారు. ఆ కోర్సు అంటే కొంత ఆన్‌లైన్, ఆరు రోజులు చేతులతో చేసే వర్క్‌షాప్, ఆపైన సర్జన్ పర్యవేక్షణలో థియేటర్‌లో 120 గంటలు. నాకు అన్నీ కలిపి నాలుగు వేల డాలర్లు దాటింది. దీనికి నాలుగున్నర ఎందుకు ఇచ్చానంటే, చెప్పిందే చేశారు, చేసిందే చెప్పారు. మొదటి రోజు పొద్దున పదింటికి చేతిలో దారం ఉంది.

ఇప్పుడు ఎడమచేతి సంగతి. స్క్రబ్ నర్సుగా ఎడమచేతి వాటం పెద్ద అడ్డు కాలేదు, ఎదుటివాళ్ల చేతికి సరిగ్గా అందిస్తే చాలు. కుట్టు వేయాలంటే మాత్రం నీడిల్ హోల్డర్ నీ చేతిలో ఉండాలి, దాని పళ్లు కుడిచేతి బొటనవేలు తోస్తే విడిపోయేలా చేసి ఉంటాయి. ఎడమచేత్తో అదే ఒత్తిడి పెడితే ఇంకా బిగుసుకుంటుంది. మొదటి రోజంతా నా సూది కణజాలంలో ఇరుక్కుని, నేను హోల్డర్‌ని విడిపించుకోలేక, చెమటలు. రెండో రోజు ఒక ఇన్‌స్ట్రక్టర్ వెనకాల వచ్చి నిలబడింది. ఆవిడదీ ఎడమచెయ్యే. బొటనవేలిని రింగులో లోపలికి దూర్చకుండా కొస మాత్రం పెట్టి, దాన్ని నావైపు లాగుతూ మిగతా వేళ్లతో అవతలికి తోయమంది. అంతే, టక్కున విడింది. ఆ టక్కు అనే చప్పుడు నాలుగు వేల డాలర్లకీ సరిపోయింది నాకు.

రాత్రిళ్లు హోటల్ గదిలో, తర్వాత ఇంట్లో ప్రాక్టీసు. రెండు చేతుల ముడి, ఒంటిచేతి ముడి. ప్రెషర్ కుక్కర్ పిడికి 2-0 సిల్క్ దారంతో ముళ్లు వేసి వేసి, ఆ పిడి నల్లగా జడ వేసినట్టయింది. కుట్లకి పంది కాళ్లు వాడతారు, తోలు మనిషి తోలుకి దగ్గరగా ఉంటుందని. బెలెయిర్ బులెవార్డ్‌లో వియత్నాం వాళ్ల సూపర్ మార్కెట్ నుంచి నాలుగు తెచ్చి, కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టాను. అత్తయ్య ఊరినుంచి వచ్చి ఉన్నారు. పొద్దున పెరుగు కోసం ఫ్రిజ్ తీసి, ఏమిటిది అని కవరు విప్పారు. ఆ రోజు నుంచి ఆవిడ ఉన్నన్నాళ్లూ నా ప్రాక్టీసు గ్యారేజీలో.

అర స్టారు కోసింది రోబో దగ్గర. మా కేసుల్లో చాలావరకు డావిన్సీ రోబో మీదే. బల్ల పక్కన నిలబడి పోర్టులు పెట్టడం, రోబో చేతులు తగిలించడం, పరికరాలు మార్చడం, ఏదైనా తేడా వస్తే గబగబా ఊడదీయడం, ఇదే ఇప్పటి అసిస్టెంటు పని. కోర్సులో దాని మీద గంటన్నర వీడియో మాత్రమే.

డబ్బు లెక్క ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగం దొరకడం దొరక్కపోవడం దీనిమీదే ఉంది. అసిస్టెంటుకి డబ్బిచ్చే ఆపరేషన్లలో సర్జన్ ఫీజు 1,000 డాలర్లనుకోండి. సాయం నిలబడింది ఇంకో డాక్టరైతే మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) అందులో 16 శాతం, అంటే 160 ఇస్తుంది. ఎన్‌పీ గానీ పీఏ గానీ అయితే ఆ 160లో 85 శాతం, 136. ఎన్‌పీ కాని మామూలు ఆర్‌ఎన్‌ఎఫ్‌ఏకి మెడికేర్ నేరుగా ఏమీ ఇవ్వదు. సర్జన్ల గ్రూపులు ఎవర్ని తీసుకోవాలనుకుంటాయో మీరే ఊహించుకోండి. టీచింగ్ ఆసుపత్రుల్లో ఇంకో మెలిక ఉంది: అర్హత ఉన్న రెసిడెంటు, అంటే శిక్షణలో ఉన్న డాక్టరు, అందుబాటులో ఉంటే అసిస్టెంటుకి మెడికేర్ డబ్బివ్వదు. కాబట్టి పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రి పేరు చూసి మురిసిపోయి వెళితే, బల్ల దగ్గర రెసిడెంట్లు, మీరు వార్డులో. నేను చిన్న ఆసుపత్రిని కావాలనే ఎంచుకున్నాను.

నా ఎన్‌పీ చదువుకి మొత్తం 47 వేల డాలర్లయింది. మా ఆసుపత్రి ఏడాదికి 5,250 తిరిగి ఇచ్చింది, ట్యాక్సు పడకుండా కంపెనీలు ఇవ్వగలిగేది అంతవరకే. డీఎన్‌పీ, అంటే నర్సింగ్ డాక్టరేట్, చేయాలా అని అడుగుతారు. 2015 కల్లా అందరూ డాక్టరేటే చేయాలని ఎప్పుడో 2004లో నర్సింగ్ కాలేజీల సంఘం అంది, ఎన్‌పీల విషయంలో అది జరగలేదు. నాకు మాస్టర్స్ సరిపోయింది, మా గ్రూపులో డీఎన్‌పీ ఉన్నావిడకీ నాకూ జీతం ఒకటే. పాఠాలు చెప్పాలనుంటే చేయండి. ఇంకోటి, మొదటి ఏడాది నా జీతం ఓఆర్‌లో ఓవర్‌టైమ్‌తో కలిపి వచ్చినదానికంటే పెద్దగా పెరగలేదు. ఇది ఎవరూ చెప్పరు.

మళ్లీ మొదట్నించీ అయితే రెండూ కలిపి ఉన్నచోట చేరేదాన్ని. బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ లాంటి చోట అక్యూట్ కేర్ ఎన్‌పీతో పాటే ఫస్ట్ అసిస్ట్ కూడా చదివే దారి ఉంది. నేను వెతికినప్పుడు ర్యాంకులు చూశాను, ఫీజులు చూశాను, ఇది చూడలేదు.

గుంటూరులో మా అక్క కూతురు బీఎస్సీ మూడో ఏడు. "పిన్నీ, ఇక్కడ ఎమ్మెస్సీ చేసి వస్తే అక్కడ ఎన్‌పీ అయిపోతానా?" అని అడిగింది. అవ్వవు తల్లీ. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది, రెండేళ్ల రెసిడెన్సీ, కానీ అది క్రిటికల్ కేర్‌ది, ఇక్కడి లైసెన్సుకి సరిపడదు. ముందు ఎన్‌క్లెక్స్, ఇక్కడ రిజిస్టర్డ్ నర్సుగా కొన్నేళ్లు, ఆపైన ఇక్కడి ప్రోగ్రామ్. ఓటీ ఇష్టమైతే ఓటీలోనే ఉండు, కానీ వీలుంటే ఒక ఏడాది సర్జికల్ ఐసీయూ కూడా చూసిరా అని చెప్పాను. ఐసీయూ అంటే భయం అంది.

ఇప్పుడు నాకు వారంలో రెండు రోజులు థియేటర్, ఒకరోజు క్లినిక్, రోజూ పొద్దున రౌండ్లు. పోయిన నెల మా కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది, ప్రిసెప్టర్‌గా ఉంటారా అని. ఉంటానన్నాను. వారం తర్వాత ఒక స్టూడెంటు లింక్డిన్‌లో మెసేజ్ పెట్టింది. ఎక్సెల్ షీట్‌లో నా పేరు చూసిందట, నాలుగు రోజుల్నించీ ఫోన్ చేస్తుంటే కలవడం లేదట. ఏ నంబరో పంపమన్నాను. చివరి రెండు అంకెలూ తారుమారు.